చిల్లిగవ్వలో ‘చిల్లి’ ఎక్కడిది?

ప్రశ్న: ‘చేతిలో చిల్లిగవ్వ లేదు’ అంటాం కదా. నడుమ బొక్క ఉండే పాత కానీ నాణెం నుంచే ఈ మాట వచ్చిందంటారు. నిజమేనా?

జవాబు: కాదండీ. ఆ చిల్లికానీ యుద్ధకాలంలో లోహం పొదుపు కోసం 1943లో వచ్చింది, 1947 దాకా ముద్రించారు. చిల్లిగవ్వలోది అచ్చంగా సముద్రపు గవ్వే. హిందీవాళ్లు కూడా ‘ఫూటీ కౌడీ’ అంటారు, అంటే పగిలిన గవ్వ. మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చే ఈ గవ్వలే బెంగాల్లో, ఒడిశాలో చిల్లర డబ్బు. నాలుగు గవ్వలు ఒక గండా, ఇరవై గండాలు ఒక పణం, పదహారు పణాలు ఒక కహాణం. ఈస్టిండియా కంపెనీ తొలినాళ్లలో ఒడిశాలో కట్టిన లెక్క రూపాయికి నాలుగు కహాణాలు, అంటే 5,120 గవ్వలు. రూపాయికి 64 కానులు కాబట్టి ఒక్కో కానీకి 80 గవ్వలు. గవ్వ లేదంటే కానీలో ఎనభయ్యో వంతు కూడా లేదని. అదీ చిల్లిదైతే ఇక చెప్పేదేముంది!

మళ్లీ ప్రశ్న: గవ్వకు ఎలాగూ నోరుంటుంది కదా, అది చిల్లి కాదా?

ఇంకొకరు: కాదమ్మా. పళ్లు పళ్లుగా ఉండే చీలిక దాని నోరు. చిల్లి పడేది వీపున. దారానికి గుచ్చాలంటే వీపు పగలగొడతారు, లేదా రాతి మీద అరగదీస్తారు. ఎద్దుల మెడపట్టీలకు కుట్టేవి ఇలాంటివే.

అలాంటి గవ్వ అష్టాచెమ్మాకు పనికిరాదు. నాలుగు గవ్వలు వేస్తే వెల్లకిల పడ్డవే లెక్క: ఒకటి, రెండు, మూడు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెండింటికీ ఇంకో పందెం. గవ్వకు నోటివైపు చదును, వీపు గుండ్రం. వీపు విరిగితే ఆ పక్కా చదునైపోయి వెల్లకిల నిలవడం ఎక్కువవుతుంది. నాలుగింటిలో ఒక్కటి అలాంటిదున్నా అష్టా గగనమైపోతుంది, కాయలు పండటం ఆలస్యమవుతుంది. పిల్లల గొడవలు సగం ఇక్కడే మొదలు. అందుకే పందెం వేసేముందు నాలుగింటి వీపూ వేలితో తడిమి చూడాలి. మంచి గవ్వలు దొరక్కపోతే నాలుగు చింతగింజలు చాలు: ఒక పక్క గరుకు రాతి మీద తెల్లగా తేలేదాకా అరగదీస్తే ఆ తెలుపే వెల్లకిల. నాలుగూ ఒకే సైజువి ఏరుకోండి.

మొదటి జవాబు రాసినవారు: వ్యాకరణం సంగతి కూడా ఒకటుంది. ‘చిల్లిగవ్వ ఉంది’ అని ఎవరూ అనరు. లేదు, రాల్చడు, చెయ్యదు, కొరగాదు, అన్నీ వ్యతిరేకాలే. ‘చిల్లిగవ్వ ఇస్తే ఒట్టు’ పైకి వ్యతిరేకంలా కనిపించదు, కానీ అర్థం ఇవ్వననే. ‘గుడ్డిగవ్వ’దీ ఇదే వరస.