అప్‌డేట్: క్రిప్టో గ్రూపులో స్పామ్ గురించి అడిగాను కదా, ఏం చేశామంటే

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లం క్రిప్టో గురించి మాట్లాడుకునే టెలిగ్రామ్ గ్రూపు స్పామ్‌తో నిండిపోతోంది, ఏం చేయాలి అని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ఏ కాయిన్ కొనాలి బ్రో" లాంటి మెసేజ్‌ల వరద స్లో మోడ్‌తోనే (ఒక మెసేజ్ పెట్టాక ఇంకోటి పెట్టాలంటే కాసేపు ఆగాల్సిన సెట్టింగ్) తగ్గింది. కానీ అసలు ప్రమాదం గ్రూపు బయట ఉంటుందని ఒకరన్నారు చూడండి, అది పూర్తిగా నిజం. మా అడ్మిన్ పేరు, ఫొటో పెట్టుకుని ఎవరో సభ్యులకు విడిగా మెసేజ్‌లు పంపుతున్నారు: వాలెట్ వెరిఫై చేయాలి, 12 పదాల సీడ్ ఫ్రేజ్ (కాయిన్లుండే వాలెట్‌కి తాళంచెవి లాంటిది) పంపండి అని. మారతహళ్లిలో ఉండే ఒక అక్క పంపబోయి, అనుమానం వచ్చి నాకు ఫోన్ చేశారు. విని నాకు వణుకొచ్చింది. ఆ పదాలు ఎవరి చేతికి వెళితే కాయిన్లు వాళ్లవే. ఒకసారి పోయాక వెనక్కి తెప్పించే బ్యాంకు మేనేజరంటూ ఎవరూ ఉండరు.

అందుకే సభ్యుల లిస్టు బయటికి కనపడకుండా దాచాం. కొత్తవాళ్లు అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరగలరు. నకిలీ ఖాతా గురించి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేశాం. డబ్బు పోయుంటే మాత్రం వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యం చేయొద్దు.

"ట్యాక్స్ లేని లాభం" అనే పోస్టులూ తీసేస్తున్నాం. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది, ఒక కాయిన్ నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తగ్గించుకునే వీలు కూడా లేదు. దీనికి కొందరు అలిగి వెళ్లిపోయారు, ఫర్వాలేదు.

ఇంకొకటి మిగిలింది. రిఫరల్ లింకులు (వాటితో ఎవరైనా చేరితే పెట్టినవాళ్లకు కమీషన్ వచ్చేవి) గ్రూపులో పెడుతున్నది మొదటి నుంచీ ఉన్న పెద్దాయన. ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?