జడ్జి గారి కాగితాలు కడపలోనే ఉండాలా, బయటికి పంపాలా?

పెన్నాగట్టు:
అందరికీ నమస్తే. మా వీధిలో రిటైర్డ్ జిల్లా జడ్జి గారొకాయన ఉండేవారు, పేరు వద్దులే, తెలిసినోళ్లకు తెలుసు. రిటైరైనాక ఇరవై ఏండ్లు జిల్లా అంతా తిరిగి శాసనాలు రాసుకున్నారు, కైఫియత్తులు (ఊర్ల సంగతులు చెప్పే పాత రాతలు) ఎత్తి రాసుకున్నారు, ఊర్ల చరిత్రలు రాసినారు. ఆయన పోయి చానా కాలమైంది, ఇప్పుడు ఇల్లు అమ్ముతాండారు. మిద్దె మీద తొమ్మిది ట్రంకు పెట్టెలుండాయి. డైరీలు, జాబులు, శాసనాలకు మసి అద్దిన కాగితాలు, కోర్టులో ఆయన సొంతంగా రాసుకున్న నోట్సు, ఇంకా ఏమేముండాయో. రెండు గోతాలు అప్పుడే పాత పేపర్లోడికి పోయినాయి (పేపర్లే అన్నారు, నేను నమ్మల్యా). ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌కు రాద్దాం అని ఒకరు, ఈడ బ్రౌన్ లైబ్రరీకి ఇద్దాం అని నేను. మీరేమంటారు?

ప్రొద్దుటూరు1:
ముందు చెదల మందు కొట్టండప్పా, తర్వాత చర్చ.

రికార్డురూం:
నేను పాత కాగితాల పనిలోనే ఉద్యోగం చేసి రిటైరైనా, అందుకే కొంచెం పెద్దగా రాస్తాండా. ఎక్కడికి అనేది రెండో ప్రశ్న. మొదటిది, ఏ పెట్టెలో ఏ కట్ట ఉందో అట్లనే ఉండనీండి, తాళ్లు ఇప్పొద్దు, జాబులొకపక్క శాసనాలొకపక్క అని విడదీయొద్దు, ఎందుకంటే ఆయన ఒక ఊరి జాబును ఆ ఊరి శాసనం కట్టలోనే పెట్టుంటే ఆ రెండిటికీ సంబంధం ఉన్నట్టు, విడదీస్తే ఆ సంబంధం పోతుంది, మళ్లీ రాదు. అసలు కేసు ఫైలు ఏదన్నా ఉంటే అది ఆయనది కాదు, కోర్టుది, తిరిగి ఇచ్చేయాల. తర్వాత చోటు అంటారా, నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లు పెద్దోళ్ల సొంత కాగితాలు కూడా తీసుకుంటారు. చల్లటి గదులు, రిపేరు చేసేవాళ్లు ఉంటారు. మన వేసవిలో మిద్దె మీద కాగితం అప్పడమైపోతుంది.

గండికోట_గాలి:
మళ్లీ బయటికేనా? కంపెనీ కాలంలో సర్వే చేసిన మెకంజీ దొర మనుషులు మన ఊర్లన్నీ తిరిగి కరణాల దండకవిలెలు (ఊరి పాత రికార్డు కట్టలు) చూసి కైఫియత్తులు రాయించుకుంటే అవి యాడికి పోయినాయి? మద్రాసుకు. 1821లో ఆయన చచ్చిపోయినాక కొన్ని లండన్‌కు. కడప జిల్లా చరిత్ర చదవాలంటే కడపోడు చెన్నైకి బస్సెక్కాల. బ్రౌను దొర తెల్లోడైనా ఈడ బంగళా కొని పండితులకు తన జీతంలోంచి డబ్బులిచ్చి ఈడనే కూర్చోబెట్టి పని చేయించినాడు, ఆయనకున్న పట్టుదల మనకు లేదా? ఆయన కూడా కోర్టు ఉద్యోగాలు చేసినోడే, మచిలీపట్నంలో, రాజమండ్రిలో. సీమ సొత్తు సీమలోనే ఉండాల. ఇంకో మాట లేదు.

రికార్డురూం:
అన్నా, నువ్వు చెప్పిందే నీకు అడ్డం తిరుగుతాంది. మద్రాసుకు పోయినాయి కాబట్టే మిగిలినాయి. మెకంజీ కాగితాలు పాడైపోతాంటే వాటిని మళ్లీ ఎత్తి రాయించింది ఆ బ్రౌనే. ఆ రాత ప్రతులే ఈరోజు మనం కైఫియత్తులని పుస్తకాలుగా చదువుతాండేది. మరి ఊర్లలో ఉండిపోయిన దండకవిలెలు యాడుండాయో చెప్పు? 1984లో కరణాల ఉద్యోగాలు తీసేసినాక ఎన్ని ఇండ్లల్లో ఆ కట్టలు నీళ్ల పొయ్యిలోకి పోయినాయో నేను కండ్లారా చూసినా. ఒక ఇంట్లో ముసలామె నాకు వాటి మీదనే కాఫీ కాచి ఇచ్చింది. తాగినా కూడా.

గండికోట_గాలి:
మా జేజినాయన కరణమే. మా ఇంట్లో ఎవరూ పొయ్యిలో పెట్టల్యా. తెలియకుండా మాట్లాడొద్దు.

రికార్డురూం:
మీ ఇల్లని నేను అనలేదు కదప్పా.

బద్వేలు_బుల్లోడు:
స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడితే పాయె. కొట్లాట ఎందుకు.

మేడమీద:
స్కాన్ సరే, జాబుల సంగతేంది? ఆయనకు వేరేవాళ్లు రాసినవి వందల్లో ఉంటాయి. వాళ్లు రాసింది ఆయనకు, ఊరందరికీ కాదు.

లాయరు_సాబ్:
మేడమ్ చెప్పింది కరెక్టు. జాబు కాగితం అందుకున్నవాడిది, అందులో రాతకు హక్కు రాసినవాడిది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాడు పోయిన యాభై ఏండ్ల దాకా.

రికార్డురూం:
అరవై.

లాయరు_సాబ్:
యాభై సార్. నేను చదువుకునేటప్పుడు యాభైయే.

రికార్డురూం:
మీరు చదువుకున్నది 1992కు ముందయ్యుంటుంది. టాగోర్ గారి రచనల గడువు 1991 ఆఖరుకు అయిపోతాందని ఇంకో పదేండ్లు పెంచినారు.

లాయరు_సాబ్:
అది టాగోర్‌కు ఒక్కడికే అనుకుంటా.

రికార్డురూం:
ఒక్కడి కోసం మొదలుపెట్టినారు, అందరికీ పెట్టినారు. చట్టంలో ఒక్కడి పేరు రాయరు కదా సార్. ఇంకోటి, అచ్చు కాని రాతను లైబ్రరీలో కూర్చుని చదువుకోడం వేరే, పరిశోధనకని దాన్ని అచ్చేయడం వేరే. రాసినవాడెవరో తెలిస్తే ఆయన పోయి అరవై ఏండ్లు దాటాల్సిందే. బద్వేలాయన చెప్పినట్ల మొత్తం నెట్‌లో పడేస్తే అదీ ఇబ్బందే.

ప్రొద్దుటూరు1:
యాభయ్యా అరవయ్యా తేలేలోపు చెదలు తినేస్తాయి.

గండికోట_గాలి:
ఈ చట్టాలు నాకు చెప్పొద్దు. నాకు ఒకే ప్రశ్న. ఆ పెట్టెల్లో ఉండేవన్నీ జడ్జి గారివేనా? ఊరూరూ తిరిగినప్పుడు ఎవరింట్లో ఏముంటే అది తీసుకుపోయినాడు కదా. తిరిగిచ్చినాడా?

పెన్నాగట్టు:
అన్నా, పోయినాయన గురించి అట్ల మాట్లాడొద్దు. ఆయన ఎండలో బస్సులకు వేలాడి పోయి శాసనాలు చదివినాయన. మా నాయన కలమల్లకు తోడు పోయినాడు, గుడి దగ్గర రాయి మీద నీళ్లు పోసి గుడ్డతో తుడిచి, తడి కాగితం పరిచి బ్రష్షుతో కొట్టి, మసి అద్ది, ఆరేదాకా ఇద్దరూ నీడలో కూర్చున్నారంట. ఆయనకు మీ కాగితం ఎందుకు?

గండికోట_గాలి:
ఎందుకా? చెప్తా విను. నాకు అప్పుడు పదేండ్లు. అంబాసిడర్ కారులో వచ్చినాడు, మా జేజి మజ్జిగిచ్చింది. మా జేజినాయన అటక మీంచి ఎర్రగుడ్డ మూట దించినాడు, మా ఇనాం కాగితాలు, కవిలె కట్ట ఒకటి. "రాసుకొని నెలలో పంపిస్తా" అన్నాడు. జడ్జి అడిగితే మా జేజినాయన రసీదు అడుగుతాడా? ఆ తర్వాత భూమి తగాదా వచ్చింది, చూపించేదానికి మా దగ్గర కాగితం లేదు. ఆరెకరాలు పోయినాయి. మా జేజినాయన సచ్చేదాకా బస్సు శబ్దం వస్తే పోస్టుమ్యాన్ వచ్చినాడేమో అని చూసేవాడు. ఇప్పుడు ఢిల్లీకి పంపిస్తామంటాండారు మీరు. ఢిల్లీకి పోయి నేను అడగాల్నా, మా మూట ఇవ్వండయ్యా అని?

రికార్డురూం:
అట్ల చెప్పన్నా మొదట్నే. బ్రౌను దొర, సీమ సొత్తు అంటే నేను ఇంకేదో అనుకున్నా.

గండికోట_గాలి:
సీమ సొత్తే. మా మూట సీమలో లేదా?

మేడమీద:
నేను ఇంతదాకా చెప్పల్యా, చెప్పాల్సొచ్చింది. ఆయన మా తాత. కాగితాలు తెచ్చినప్పుడు రాసుకునే నోటుబుక్కు ఒకటుంది, నిన్న రాత్రి చూసినా. మీ ఊరి పేరుతో ఒక లైనుంది, ఎర్రగుడ్డ మూట అని కూడా రాసుండాది. పక్కన "తిరిగి ఇచ్చినాను" అని ఉంది.

గండికోట_గాలి:
తీసుకున్నట్టు మా సంతకం ఉందా?

మేడమీద:
లేదు. వేరే లైన్లకు కొన్నిటికి ఉంది. దీనికి లేదు.

గండికోట_గాలి:
ముప్పై ఏండ్లు జడ్జిగా చేసినాయనకు సంతకం విలువ తెలీదా అమ్మా?

మేడమీద:
నాకు తెలీదన్నా. అబద్ధం రాసుకునే మనిషి కాదు మా తాత, మతిమరుపు మాత్రం ఉండేది. ఒక మాట దాచకుండా చెప్తా, పెట్టెలు ఎవరికీ ఇవ్వొద్దని మా ఇంట్లో అనేది మూటల గురించి కాదు. ఆయన డైరీల్లో ఫ్యాక్షన్ కేసుల సాక్షులు తర్వాత ఇంటికొచ్చి చెప్పుకున్నవి ఉండాయి. ఎవరు భయపడి మాట మార్చినారు, ఎవరు డబ్బు తీసుకున్నారు, అన్నీ పేర్లతో. వాళ్లలో కొందరు బతికే ఉండారు, కొందరి పిల్లలు ఇదే కడపలో ఉండారు. బ్రౌన్ లైబ్రరీలో పెడితే పక్క వీధోడు చదువుతాడు. ఢిల్లీ అయితే కనీసం దూరం.

రికార్డురూం:
దూరం అవసరం లేదమ్మా, గడువు పెట్టొచ్చు. డైరీలు సీలు చేసి, ముప్పై ఏండ్ల దాకా తెరవకూడదు అని షరతు రాసి ఇవ్వొచ్చు, ఇచ్చేటప్పుడే కాగితం మీద రాయించుకుంటే ఏ లైబ్రరీలోనైనా కుదురుతుంది. మిగతాది ఇప్పుడే తెరవొచ్చు.

గండికోట_గాలి:
సీలు పడే కట్టల్లో మా మూట ఉంటే? ముప్పై ఏండ్లకు నేనుండను.

పెన్నాగట్టు:
సరే అన్నా, కోపం పక్కన పెట్టు. ఇల్లు కొన్నాయన ఈ నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. బీగం చెవి మా ఇంట్లోనే ఉండాది. అక్కా, నువ్వు ఒప్పుకుంటే ఆదివారం పొద్దున అందరం కూర్చుని ఆ నోటుబుక్కు పెట్టుకొని లైను లైనుకు చూద్దాం. డైరీలు నువ్వే తీసి పక్కన పెట్టుకో, ఎవరం ముట్టం. రికార్డురూం సార్, మీరు రావాల.

మేడమీద:
తొమ్మిదికి రండి. గండికోట అన్న కూడా రావాల. ఎర్రగుడ్డ అంటే ఏ రంగు ఎరుపో ఆయనకే తెలుసు.

గండికోట_గాలి:
వస్తా. మజ్జిగ తాగను.

ప్రొద్దుటూరు1:
మందు నేను తెస్తా, చెదలకు.