అప్‌డేట్: జిమ్ థోర్ప్ పాయింట్లు 8,412నా, 6,564నా?

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌ డెకాథ్లాన్‌లో (పది పోటీల పాయింట్లు కలిపి విజేతను తేల్చే పోటీ) అమెరికా అథ్లెట్ థోర్ప్ స్కోరు రెండు రకాలుగా ఎందుకు కనిపిస్తుందని అడిగాను. తేలింది. ఏ ప్రదర్శనకు ఎన్ని పాయింట్లో చెప్పే పట్టిక మారిందన్నవాళ్ల మాటే సరైంది, వాళ్లకు ధన్యవాదాలు.

అప్పటి పట్టికలో 1908 వరకున్న ఒలింపిక్ రికార్డుకు 1,000 పాయింట్లు, అక్కణ్నుంచి తేడాను బట్టి ఒకే రేటున పెంపో, కోతో. 8,412 ఆ లెక్కే. 6,564 అనేది 1985 పట్టికతో వేసిన లెక్క. ఎవరైనా సరిచూసుకోవచ్చు: 1500 మీటర్లు ఆయన 4 నిమిషాల 40.1 సెకన్లలో, అంటే 280.1 సెకన్లలో పరిగెత్తాడు. 1985 పట్టికలో 1500 మీటర్లకున్న సూత్రం ప్రకారం 480లోంచి అది తీసేస్తే 199.9. దానికి 1.85 ఘాతం వేసి 0.03768తో గుణించి దశాంశాలు వదిలేస్తే ఆ ఒక్క పోటీకి 680 పాయింట్లు. ఇలా పదింటికీ వేసి కలిపితే 6,564.

పోటీ మూడు రోజులు సాగడానికీ, 1913లో పతకాలు వెనక్కి తీసుకోవడానికీ దీంతో సంబంధం లేదు. నాకు గొప్పగా అనిపించేది మాత్రం రెండో స్థానంలోని వీస్లాండర్‌పై ఆయన ఆధిక్యం: అప్పటి లెక్కలో 688 పాయింట్లు.