మస్కట్‌లో కారు అద్దెకు తీసుకుని నేనే నడపాలనుకుంటున్నాను, ఏం చూసుకోవాలి?

కొండారెడ్డి బురుజు (కర్నూలు) అడిగారు:

అందరికీ నమస్తే. డిసెంబరులో మస్కట్‌లో ఉన్న మా చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాం. నేను, మావారు, మా అమ్మ, ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు. మా మరిదికి శుక్ర, శనివారాలు తప్ప సెలవు దొరకదు. మిగతా రోజులు ఇంట్లోనే కూర్చోకుండా నిజ్వా, సూర్, జబల్ అఖ్దర్ చూసి రావాలని నా కోరిక. వీలైతే సలాలా కూడా.

మా ఇంట్లో లైసెన్సు ఉన్నది నాకు ఒక్కదానికే. ఇక్కడ స్విఫ్ట్ నడుపుతాను. హైదరాబాదు హైవే, ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ రోడ్డు నాకు బాగా అలవాటు. నడపడానికి భయం లేదు కానీ మిగతా విషయాలే టెన్షన్ పెడుతున్నాయి. మన లైసెన్సు చాలుతుందా? క్రెడిట్ కార్డు మావారి పేరు మీద ఉంది, పర్వాలేదా? ఆన్‌లైన్‌లో చిన్న కారు చాలా తక్కువ రేటుకు కనిపిస్తోంది, దానికి రోజువారీగా ఇంకొంత కడితే ఫుల్ ఇన్సూరెన్స్ అంటున్నారు. అది దండగ అని మరిది, తప్పకుండా తీసుకోమని చెల్లెలు. అక్కడ కుడివైపు నడపాలి కదా, అది ఎన్నాళ్లకు అలవాటవుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

టవర్‌క్లాక్ (అనంతపురం):

అక్కా, లైసెన్సు సంగతి నేను చెప్తాను. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. పరివాహన్ సైట్‌లో సారథి విభాగంలోకి వెళ్లి అప్లై చేయాలి, ఫారం 4ఏ. ఫీజు వెయ్యి రూపాయలు. పాస్‌పోర్టు, వీసా, లైసెన్సు కాపీలు దగ్గర పెట్టుకోండి. మీ లైసెన్సు ఏ ఆర్టీవో పరిధిలో ఉందో అక్కడే ఇస్తారు. ఏడాది వరకు చెల్లుతుంది. ఈలోపే మీ లైసెన్సు గడువు అయిపోతే పర్మిట్ కూడా దానితోపాటే పోతుంది, కాబట్టి ముందు ఆ తేదీ చూసుకోండి.

పర్మిట్ ఉంది కదా అని అసలు లైసెన్సు ఇంట్లో పెట్టి వెళ్లకండి, రెండూ కలిపి చూపిస్తేనే విలువ. ఇంటర్నెట్‌లో ‘ఇంటర్నేషనల్ లైసెన్స్ ఒక్క రోజులో’ అని డాలర్లలో డబ్బులు అడిగే సైట్లు చాలా ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు. మన దగ్గర దాన్ని ఇచ్చేది రవాణా శాఖే.

బళ్లారి చౌరస్తా (కర్నూలు):

చిన్న పిల్లలు, పెద్దావిడ ఉన్నారు కదమ్మా, తెలియని దేశంలో మీరెందుకు కష్టపడటం? డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోండి. మనవాళ్లే దొరుకుతారు అక్కడ.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):

చెల్లెమ్మా, నేను మస్కట్‌లో కార్లు అద్దెకిచ్చే ఆఫీసులో చాలా ఏళ్లు కౌంటర్ మీద పని చేశాను. కార్లు ఇచ్చింది నేనే, తిరిగి తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి గీతలు లెక్కపెట్టిందీ నేనే. డ్రైవింగ్ వచ్చిన మనిషి ఒమన్‌లో భయపడాల్సిన పని లేదు. రోడ్లు బాగుంటాయి, బోర్డులు అరబిక్‌తోపాటు ఇంగ్లిషులో కూడా ఉంటాయి, పుల్లూరు, అమకతాడు లాంటి టోల్ గేట్లు ఉండవు. కానీ మనవాళ్లందరూ రోజు అద్దె ఎంత అన్న ఒక్క అంకె చూసి బుక్ చేస్తారు. ఆ అంకెను పక్కన పెట్టండి. కారుకు ఏమైనా అయితే నా జేబులోంచి ఎంత పోతుంది, ఈ కారు ఏ రోడ్డు మీదికి వెళ్లకూడదు, ఈ రెండూ తెలుసుకున్నాకే రేటు మాట.

ముందు ఇన్సూరెన్స్. అద్దెలో కలిపి ఇచ్చే మామూలు ఇన్సూరెన్స్‌లో ‘ఎక్సెస్’ అని ఒక మొత్తం రాసి ఉంటుంది. ఉదాహరణకు 200 రియాళ్లు అని ఉంటే, అంతవరకు ఏ నష్టమైనా మీరే కట్టాలి, ఆపైన కంపెనీ చూసుకుంటుంది. ఒక రియాల్ అంటే రెండు వందల రూపాయలకు పైనే, కాబట్టి అది నలభై వేలు దాటిపోతుంది. పైగా టైర్లు, అద్దాలు, బండి కింది భాగం చాలా కాంట్రాక్టుల్లో ఆ ఇన్సూరెన్స్ కిందికి రావు.

ఇది మీకెందుకు ముఖ్యమో చెప్తాను. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు తిరిగిచ్చే కార్లలో నేను ఎక్కువగా చూసిన దెబ్బలు కుడివైపు రిమ్ములకు, కుడివైపు సైడ్ అద్దానికి. మనకు కుడివైపు కూర్చుని నడపడం అలవాటు. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు. కూర్చున్న చోటు మారేసరికి, తెలియకుండానే బండి కుడివైపుకు జరుగుతూ ఉంటుంది. ఫుట్‌పాత్ అంచుకు టైరు రాసుకుంటే పక్క ఉబ్బుతుంది, ఇక ఆ టైరు మార్చాల్సిందే. ఒక పెద్దాయన కుటుంబంతో వచ్చి బండి ఎంతో పద్ధతిగా నడిపాడు. పార్కింగ్‌లో ఒక్కసారి అంచుకు తగిలింది. టైరు, రిమ్ము రెండూ ఆయన మీదే పడ్డాయి. బిల్లు ఇచ్చేటప్పుడు నాకే బాధ అనిపించింది. అందుకే మీ మరిది మాట నేను ఒప్పుకోను. అతను రోజూ నడిపే మనిషి, అతనికి దండగే. మీకు మాత్రం టైర్లు, అద్దాలు కూడా కవర్ అయ్యేది తీసుకోవడమే మంచిది. ‘ఫుల్’ అన్న మాట నమ్మకుండా, ఎక్సెస్ సున్నానా, టైర్లు వస్తాయా అని అడిగి కాంట్రాక్టులో చూపించమనండి. బుకింగ్ వెబ్‌సైటు వాళ్లు విడిగా అమ్మే ఇన్సూరెన్స్ వేరు. దాంట్లో ముందు కౌంటర్‌లో మీరే కట్టి, తర్వాత వాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి.

క్రెడిట్ కార్డు దగ్గర మీకు ఇబ్బంది రావచ్చు. డిపాజిట్ పట్టే కార్డు నడిపే మనిషి పేరు మీదే ఉండాలని చాలా కంపెనీలు పట్టుబడతాయి. మీవారి కార్డు మీద మీ పేరుతో యాడ్ ఆన్ కార్డు తీసుకోండి, అది ఒప్పుకుంటారా అని కంపెనీకి ముందే మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసి, పరిమితి పెంచి, పిన్ గుర్తుపెట్టుకోండి. విమానం దిగాక కౌంటర్ ముందు పిల్లలు ఏడుస్తుంటే ఆ పని చేయడం నరకం, రోజూ చూసేవాణ్ణి. డిపాజిట్ డబ్బు మీరు కారు తిరిగిచ్చిన రోజే వదలరు, స్పీడ్ కెమెరా జరిమానాలు ఆలస్యంగా వస్తాయని కొన్నాళ్లు పట్టుకుంటారు. కార్డు గీసేటప్పుడు రూపాయల్లోనా రియాళ్లలోనా అని అడిగితే రియాళ్లే చెప్పండి.

ఇక రోడ్లు. నిజ్వాకు, తీరం వెంబడి సూర్‌కు మంచి హైవే, చిన్న కారు చాలు. సూర్ దారిలో బిమ్మా సింక్‌హోల్ (నేల కుంగి ఏర్పడిన పెద్ద నీటి గుంట) పిల్లలకు నచ్చుతుంది. వాదీ షాబ్ అనే లోయలో మాత్రం రాళ్ల మీద చాలా దూరం నడవాలి, అమ్మగారికి కష్టం. జబల్ అఖ్దర్ కొండకు చిన్న కారు కుదరదు. బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు చెక్‌పోస్టు ఉంటుంది, ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేది) కాని బండిని పైకి పోనివ్వరు. రోడ్డు తారుదే, కానీ దిగేటప్పుడు ఆ వాలులో బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. కాబట్టి పైన బళ్లారి చౌరస్తా గారు చెప్పిన డ్రైవర్ సలహా అక్కడ పనికొస్తుంది. ఆ ఒక్క రోజుకు డ్రైవర్‌తో ఫోర్ వీల్ బండి మాట్లాడుకోండి, మిగతా రోజులకు మీ చిన్న కారు. సలాలా వెయ్యి కిలోమీటర్లు, అదీ ఎడారిలో. వెళ్లాలంటే విమానంలో వెళ్లండి. అందరూ చెప్పే పచ్చదనం జూన్ నుంచి సెప్టెంబరు దాకానే.

కిలోమీటర్ల పరిమితి కూడా అడగండి. రోజుకు రెండు వందలో రెండు వందల యాభయ్యో ఉంటే, నిజ్వా వెళ్లి వచ్చేసరికే దాటిపోతుంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది వాదీల గురించి. వాదీ అంటే మన వంకే. ఎండిపోయి ఉంటుంది, కొండల్లో ఎక్కడో వాన పడితే ఇక్కడ చినుకు లేకుండానే నీళ్లు వచ్చేస్తాయి. 2021 నవంబరులో చిత్రావతి నదిలో కారు చిక్కుకుని, కాపాడటానికి వెళ్లిన జేసీబీ కూడా ఆగిపోయి, చివరికి హెలికాప్టర్ రావాల్సి వచ్చింది, గుర్తుందా? ఒమన్‌లో 2024 ఏప్రిల్‌లో బడిపిల్లలు ఉన్న బండి కొట్టుకుపోయింది, పిల్లలు చనిపోయారు. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే, ముందు బండి దాటినా సరే, మీరు దాటొద్దు. అది అక్కడ నేరం. అలా దాటబోయి కారు మునిగితే చాలా కాంట్రాక్టుల్లో ఇన్సూరెన్స్ కూడా రాదు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

అన్నా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. మీ జవాబు మావారికీ మరిదికీ చదివి వినిపించాను, ఇన్సూరెన్స్ తీసుకోవాలని తేలిపోయింది. యాడ్ ఆన్ కార్డుకు ఈ రోజే అప్లై చేశాం. ఇంకో రెండు సందేహాలు. ఆటోమేటిక్ తీసుకోవాలా, మాన్యువల్ చాలా? చిన్న గీత పడినా పోలీసులను పిలవాలా?

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):

ఆటోమేటిక్కే తీసుకో తల్లీ. గేరు కుడిచేతికి వస్తుంది, ఇండికేటర్ ఎడమవైపుకు మారుతుంది. మొదట్లో ఇండికేటర్ వేయబోతే వైపర్లు తిరుగుతాయి, కంగారు పడొద్దు. పెడల్స్ వరుస మాత్రం మనదే. రౌండబౌట్‌లో ఎడమవైపు చూడాలి, లోపల తిరుగుతున్న బండికే దారి. మొదటిరోజు మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని శుక్రవారం పొద్దున్నే తిరగండి, రోడ్లు ఖాళీగా ఉంటాయి.

గీత పడినా, గుద్దుకున్నా ముందు కంపెనీకి ఫోన్ చేసి వాళ్లు చెప్పినట్టు చేయండి. పోలీసు రిపోర్టు లేకపోతే ఇన్సూరెన్స్ చెల్లదని చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. ఎమర్జెన్సీ నంబరు 9999. కారు తీసుకునేటప్పుడు చుట్టూ, పైన, నాలుగు రిమ్ములు, పెట్రోలు ముల్లు, స్టెప్నీ అన్నీ వీడియో తీయండి. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు తొందరపెట్టినా వీడియో తీయడం ఆపొద్దు. ఊరి బయట చీకటి పడ్డాక నడపొద్దు, ఒంటెలు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. బాబుకు చైల్డ్ సీటు బుకింగ్‌లోనే అడగండి, అప్పటికప్పుడు అడిగితే దొరక్కపోవచ్చు.