ఓపెన్ రైల్స్: లోడ్ గూడ్స్ రెడ్ సిగ్నల్ దగ్గర ఆగడం లేదు, ఏం చేయాలి?

లూప్‌లైన్ (ప్రశ్న)

ఓపెన్ రైల్స్ (కంప్యూటర్‌లో రైలు నడిపే సిమ్యులేటర్ గేమ్)లో గూడ్స్ నడుపుతున్నా. వాగ్-9 (కరెంటు గూడ్స్ ఇంజన్) వెనక 58 లోడ్ బాక్సెన్ వ్యాగన్లు (పైన తెరిచి ఉండే గూడ్స్ పెట్టెలు), చివర బ్రేక్ వ్యాన్ (గార్డు పెట్టె). మొత్తం బరువు 4,800 టన్నుల దాకా వస్తోంది. ప్యాసింజర్ రేక్‌తో ఏ ఇబ్బందీ లేదు, ఈ బండితో మాత్రం మూడు సమస్యలు.

ఒకటి: గంటకు 75 కిలోమీటర్ల వేగంలో ఎల్లో చూసి ఫుల్ సర్వీస్ బ్రేక్ (ఎమర్జెన్సీ కాకుండా మామూలుగా వేయగల గరిష్ఠ బ్రేక్) వేసినా హోమ్ సిగ్నల్ (స్టేషన్‌లోకి వచ్చే ముందుండే సిగ్నల్) రెడ్ దాటిపోతోంది. రెండు: దిగుడులో బ్రేక్ వేసి, వదిలి, మళ్లీ వేస్తుంటే మూడోసారికి పట్టు ఉండటం లేదు. మూడు: యార్డులో ఇంజన్ తగిలించి బయల్దేరితే ఒక్కోసారి బ్రేకులు అసలు పనిచేయడం లేదు. బ్యాక్‌స్పేస్ కొట్టి ఎమర్జెన్సీ వేసినా అంతే. సెట్టింగ్ తప్పా, నడిపే పద్ధతి తప్పా?

డబుల్‌ఎల్లో

మొదటిదానికి జవాబు లెక్కలోనే ఉంది. 75 అంటే సెకనుకు 20.8 మీటర్లు. ఫుల్ సర్వీస్‌లో సెకనుకు 0.25 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకుంటే, ఆగడానికి దాదాపు 870 మీటర్లు కావాలి. ఇది బ్రేక్ పూర్తిగా పట్టాక సంగతి. గూడ్స్‌లో బ్రేక్ సిలిండర్ నిండటానికే 18 నుంచి 30 సెకన్లు పడుతుంది, ప్యాసింజర్‌కి 3 నుంచి 5 చాలు. ఆ ఆలస్యంలో ఇంకో 200 మీటర్లు పోతాయి. మొత్తం 1,070.

మన దగ్గర డబుల్ డిస్టెంట్ (హోమ్ గురించి ముందే హెచ్చరించే రెండు సిగ్నళ్లు) ఉన్నచోట ఇన్నర్ డిస్టెంట్ హోమ్‌కి 1 కిలోమీటరు ముందు, డిస్టెంట్ 2 కిలోమీటర్ల ముందు ఉంటాయి. మీరు చూసిన ఎల్లో ఇన్నర్ డిస్టెంట్‌ది. 75లో అక్కడ బ్రేక్ మొదలుపెడితే చదును మీద కూడా ఆగదు. దిగుడు ఉంటే చెప్పక్కర్లేదు: 1 ఇన్ 100 (100 మీటర్లకు 1 మీటరు దిగే) వాలు మీద భూమి లాగే లాగుడే 0.1 దాకా తినేస్తుంది, 0.25 కాస్తా 0.15 అవుతుంది, 870 మీటర్లు 1,450 అవుతాయి.

అందుకే బ్రేక్ మొదలవ్వాల్సింది 2 కిలోమీటర్ల ముందుండే డిస్టెంట్ చూపించే డబుల్ ఎల్లో దగ్గర. అది కనబడగానే థ్రాటిల్ సున్నా చేయండి (ఎ కీ). పీరియడ్ కీతో డైనమిక్ బ్రేక్ (ఇంజన్ మోటార్లతోనే వేగం తగ్గించేది) పెంచండి. సింగిల్ కోట్ కీతో బీపీని (బ్రేక్ పైపులో గాలి ఒత్తిడి, చదరపు సెంటీమీటరుకి కేజీల్లో; అది తగ్గితే బ్రేక్ పడుతుంది) 5 కేజీల నుంచి 4.5కి దించి, 20 సెకన్లు ఆగి చూడండి. వెంటనే ఏమీ జరగలేదని ఇంకా దించకండి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఎల్లో దాటేసరికి 45లో ఉండాలి. ఆ వేగంలో ఆగడానికి దాదాపు 310 మీటర్లు, ఆలస్యం కలుపుకుంటే 450 లోపు. అక్కడి నుంచి 4.2కి దించుకుంటూ వస్తే, రెడ్‌కి 200 మీటర్ల దూరంలో 20కి వచ్చేస్తారు. ఎఫ్4 ట్రాక్ మానిటర్‌లో సిగ్నల్ దూరం కనిపిస్తూనే ఉంటుంది.

నేను వాడిన 0.25 అందరికీ సరిపోదు, వ్యాగన్ ఫైల్‌ని బట్టి మారుతుంది. చదును లైన్ మీద 60లో ఫుల్ సర్వీస్ వేసి ఎన్ని మీటర్లలో ఆగిందో ఒకసారి కొలిచి పెట్టుకోండి.

బీపీ5కేజీలు

మూడో సమస్య హోస్ పైపులది (ఒక్కో పెట్టె బ్రేక్ పైపుని పక్కదానితో కలిపేవి). ఓపెన్ రైల్స్‌లో ఇంజన్ కప్లింగ్ అయినంత మాత్రాన బ్రేక్ పైపు కలిసినట్టు కాదు. బ్యాక్‌స్లాష్ కీ కొట్టి హోస్‌లు కలపాలి. లేకపోతే బ్రేక్ పట్టేది ఇంజన్‌కి మాత్రమే. 123 టన్నుల ఇంజన్ 4,700 టన్నుల లోడుని ఎమర్జెన్సీలో కూడా ఆపలేదు. షంటింగ్ మధ్యలో ఏ వ్యాగన్ యాంగిల్ కాక్ (బ్రేక్ పైపు కొసన ఉండే కుళాయి) అయినా మూసి ఉంటే, దాని వెనక ఉన్నవాటికీ ఇదే గతి. ఎఫ్9 విండోలో ఆ వ్యాగన్ మీద క్లిక్ చేసి తెరవచ్చు.

బయల్దేరే ముందు షిఫ్ట్ పట్టుకుని ఎఫ్5ను బ్రేక్ పేజీ వచ్చేదాకా నొక్కండి. చూడాల్సింది చివరి వ్యాగన్ బీపీ. అది 5కి దగ్గరగా వచ్చేవరకు కదలకండి. పొడవు రేక్‌ని మొదటినుంచి ఛార్జ్ చేయాలంటే చాలా నిమిషాలు పడుతుంది. షిఫ్ట్‌తో స్లాష్ కొడితే క్షణంలో నిండుతుంది గానీ అది పరీక్షల కోసం పెట్టిన దారి, నిజమైన నడక అలవాటు కావాలంటే వాడకండి.

అదే పేజీలో ఒక్కో వ్యాగన్ బ్రేక్ రకం కూడా చూడండి. మధ్యలో ఒక్కటి వాక్యూమ్ అని ఉన్నా తంటాయే. బీపీ 90 పీఎస్ఐ చూపిస్తుంటే అమెరికన్ ఫైల్ నుంచి తెచ్చిన అంకెలు అలాగే ఉండిపోయాయని అర్థం. మన 5 కేజీలంటే 71 పీఎస్ఐ. ఇంజన్, వ్యాగన్ ఫైళ్లు రెండింట్లోనూ సరిచేయాలి.

ఇక రెండోది. సింగిల్ పైపు గూడ్స్‌లో ఆగ్జిలరీ రిజర్వాయర్‌కి (ఒక్కో వ్యాగన్‌లో బ్రేక్ వేయడానికి గాలి నిల్వ ఉంచే ట్యాంకు) గాలి రావాల్సింది బీపీ నుంచే. కోచ్‌ల్లో లాగా 6 కేజీల ఫీడ్ పైపు అండ ఉండదు. బ్రేక్ పూర్తిగా వదలడానికే 45 నుంచి 60 సెకన్లు కావాలి, రిజర్వాయర్ నిండటం ఆ తర్వాత సంగతి. నిండకముందే మళ్లీ వేస్తే సిలిండర్‌కి వెళ్లే గాలి తక్కువ, పట్టు తక్కువ. మూడోసారికి మీకు జరుగుతున్నది ఇదే. దిగుడులో వేసి వదలడం మానండి. డైనమిక్ బ్రేక్ పూర్తిగా పెట్టి, దానికి తోడు 4.5 బీపీ అలాగే పట్టి ఉంచి వేగం నిలకడగా ఉందో లేదో చూడండి. వాగ్-9 డైనమిక్ బ్రేక్ 260 కిలోన్యూటన్లు. 4,800 టన్నులను 1 ఇన్ 200 మీద ఒంటరిగా నిలబెట్టగలదు, 1 ఇన్ 100 మీద నిలబెట్టలేదు.

లూప్‌లైన్

చివరి వ్యాగన్‌లో బీపీ సున్నా, హోస్ కలపలేదు. ఇప్పుడు ఆ సమస్య పోయింది. కానీ దిగుడులో బీపీ 4.5 నుంచి 4.6కి కొంచెం పెంచగానే బ్రేక్ మొత్తం వదిలేస్తోంది. ఇది ఎందుకు?

కేకేలైన్

ఆప్షన్స్‌లో గ్రాడ్యుయేటెడ్ రిలీజ్ (బ్రేక్‌ని కొంచెం కొంచెంగా వదలడం) టిక్ లేకపోవడం వల్ల. అది లేకపోతే వ్యాగన్లు అమెరికన్ ట్రిపుల్ వాల్వ్ పద్ధతిలో పనిచేస్తాయి: బీపీ కాస్త పెరిగితే చాలు, పూర్తి రిలీజ్. మన బాక్సెన్‌ల్లో ఉండేవి సి3డబ్ల్యూ, కేఈ రకం డిస్ట్రిబ్యూటర్ వాల్వులు (బీపీని బట్టి బ్రేక్ వేసి, వదిలేవి). బీపీ ఎంత పెంచితే బ్రేక్ అంతే తగ్గాలి. టిక్ పెట్టండి, లేదా వ్యాగన్ ఫైల్‌లో బ్రేక్ ఎక్విప్‌మెంట్ టైప్ వరసలో ట్రిపుల్ వాల్వ్ బదులు గ్రాడ్యుయేటెడ్ రిలీజ్ రకం రాయండి. ఇనుప ఖనిజం లోడుతో అరకు మీదుగా విశాఖ వైపు దిగే బండిని ట్రిపుల్ వాల్వ్‌తో నడపాలని చూస్తే అదుపు తప్పడం ఖాయం. ఘాట్ రూట్లు వేసుకునేవాళ్లు ముందు ఈ ఒక్కటీ సరిచూసుకోవాలి.

రెడ్ దాటితే ఏమవుతుందో కూడా చెబుతాను. బండి అవుట్ ఆఫ్ కంట్రోల్‌లోకి పోతుంది, ఎమర్జెన్సీ పడి పూర్తిగా ఆగేదాకా మీ చేతిలో ఏమీ ఉండదు. ఆగాక కంట్రోల్+ఎం తో మాన్యువల్‌లోకి మారి, సిగ్నల్ వెనక్కి తెచ్చుకుని, మళ్లీ ఆటోలోకి రావాలి.

ట్యాబ్ కొట్టి రెడ్ దాటడానికి అనుమతి తీసుకుంటే మాత్రం ముందు సెక్షన్‌లో బండి ఉండే అవకాశం ఉందనే అనుకోండి. రెడ్‌లో ఉన్న ఆటోమేటిక్ సిగ్నల్ (బండ్లు కదిలేదాన్ని బట్టి తనంతట తానే మారేది) దాటేటప్పుడు మన నియమం పగలు 1 నిమిషం, రాత్రి 2 నిమిషాలు ఆగి, ముందు స్పష్టంగా కనిపిస్తుంటే 15, లేకపోతే 8 వేగం. తర్వాతి సిగ్నల్ గ్రీన్‌గా కనిపించినా దాన్ని చేరేదాకా అదే వేగం. గేమ్‌లో వెనక నుంచి గుద్దుకునేవి ఎక్కువగా ఈ ముక్క మరిచిపోయినప్పుడే.

లూప్‌లైన్

టిక్ పెట్టాక 4.6కి పెంచితే కొంచెమే వదులుతోంది, బాగుంది. లూప్‌లోకి (స్టేషన్‌లో మెయిన్ లైన్ పక్క లైను) తీసుకున్నప్పుడు స్టార్టర్‌కి (స్టేషన్ నుంచి బయల్దేరే సిగ్నల్) ఎంత దూరంలో ఆపాలి? 100 మీటర్ల ముందు ఆపితే వెనక మెయిన్ లైన్‌లో వచ్చే ఎక్స్‌ప్రెస్‌కి రెడ్ పడిపోతోంది.

డబుల్‌ఎల్లో

58 బాక్సెన్‌లు 621 మీటర్లు, ఇంజన్, బ్రేక్ వ్యాన్ కలిపితే 655 దాటుతుంది. మామూలు లూప్ నిడివి 686 మీటర్లు. మీకు మిగిలేది 30 మీటర్లు. 100 ముందు ఆపితే తోక పాయింట్ల (లైను మారే చోటు) మీదే ఉంటుంది. 1 ఇన్ 12 పాయింట్ల మీద 30 వేగంతో లోపలికి రండి, స్టార్టర్‌కి 300 మీటర్లు ఉండగా 15కి దించండి, బీపీ 4.5 మీద పాకనిచ్చి 15, 20 మీటర్ల దూరంలో ఆపండి. చివర్లో బ్రేక్ వదిలి మళ్లీ వేయాల్సిన పరిస్థితి రానివ్వకండి, ఆ వేగంలో రిలీజ్ అయ్యేలోపే స్టార్టర్ దాటేస్తారు. బయల్దేరేటప్పుడు చివరి వ్యాగన్ పాయింట్లు దాటేదాకా 30 మించకండి, 655 మీటర్లకు ఆ వేగంలో 79 సెకన్లు పడుతుంది.