అపాచీలో మొదటి పైథాన్ ప్రోగ్రాం రన్ అవ్వట్లేదు, కోడే కనబడుతోంది

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఉబుంటులో అపాచీ వెబ్ సర్వర్ వేశాను, లోకల్‌హోస్ట్ అని కొడితే దాని డిఫాల్ట్ పేజీ బానే వస్తోంది. "నమస్కారం" అని ప్రింట్ చేసే చిన్న పైథాన్ ఫైల్ రాసి హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లో పెడితే, నేను రాసిన కోడ్ మొత్తం అలాగే బ్రౌజర్‌లో వచ్చేస్తోంది. రెండ్రోజులైంది, ఏం మిస్సవుతున్నానో తెలియట్లేదు.

జవాబు:
ఆ ఫోల్డర్‌లో ఉన్న ఫైల్‌ని అపాచీ ఉన్నదున్నట్టు పంపేస్తుంది తమ్ముడూ, రన్ చేయాలని మనమే చెప్పాలి. అపాచీ చేత ప్రోగ్రాంలు రన్ చేయించే సీజీఐ మాడ్యూల్ ఆన్ చెయ్, అంటే టెర్మినల్‌లో సుడో పెట్టి ఏ2ఎన్‌మాడ్ సీజీఐ అని కొట్టి అపాచీ రీస్టార్ట్ చెయ్, తర్వాత ఫైల్‌ని యూఎస్ఆర్‌లో లిబ్ లోపల సీజీఐ-బిన్ ఫోల్డర్‌లోకి మార్చి సీహెచ్‌మాడ్ 755 ఇవ్వు (అందరూ రన్ చేయొచ్చు, ఓనర్ మాత్రమే మార్చగలడు), బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ తర్వాత సీజీఐ-బిన్, దాని తర్వాత ఫైల్ పేరు. 777 ఇవ్వమని ఎవరైనా చెప్తే వినకు, ఆ మెషీన్‌లో ఎవరైనా నీ ఫైల్ మార్చేయొచ్చు. మొదటి లైన్‌లో పైథాన్3 ఎక్కడుందో చెప్పే షెబాంగ్ ఉండాలి.

ప్రశ్న:
థాంక్స్ అన్నా. కోడ్ కనబడటం పోయింది కానీ ఇప్పుడు 500 ఇంటర్నల్ సర్వర్ ఎరర్. షెబాంగ్ ఉంది, 755 ఇచ్చా.

జవాబు:
బ్రౌజర్ అంతకుమించి చెప్పదు. అపాచీ ఎరర్ లాగ్‌లో చివరి పది లైన్లు టెయిల్‌తో తీసి ఇక్కడ పెట్టు.

ప్రశ్న:
"నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటోంది, కింద "ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ అవుట్‌పుట్ బిఫోర్ హెడర్స్". ఫైల్ అక్కడే ఉందన్నా, ఎల్ఎస్ కొడితే కనబడుతోంది!

జవాబు:
విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చావు కదా? విండోస్ ప్రతి లైన్ చివర కంటికి కనబడని ఒక క్యారెక్టర్ ఎక్స్‌ట్రా పెడుతుంది, దాంతో లైనక్స్ నీ షెబాంగ్‌లో పైథాన్3 పక్కన ఆ క్యారెక్టర్‌ని కూడా కలిపి చదివి, ఆ పేరుతో ప్రోగ్రాం ఎక్కడుందా అని వెతుకుతోంది, దొరకట్లేదు. లేదంటున్నది నీ ఫైల్‌ని కాదు, పైథాన్‌ని. ఆ క్యారెక్టర్‌ని తీసేసే డాస్2యునిక్స్ వేసుకుని ఫైల్ మీద ఒకసారి రన్ చెయ్. ఇంకోటి, అన్నిటికంటే ముందు, పంపేది ఏ రకమో చెప్పే కంటెంట్-టైప్ అనే హెడర్ లైన్ ప్రింట్ చేయాలి, తెలుగు అక్షరాలు సరిగ్గా రావడానికి అందులోనే యూటీఎఫ్-8 అని చార్‌సెట్ కూడా ఇవ్వు, దాని తర్వాత ఒక ఖాళీ లైన్. ఆ ఖాళీ లైన్ లేకపోతే హెడర్లు ఎక్కడ అయిపోయాయో అపాచీకి తెలీదు, మళ్ళీ 500 వస్తుంది.

ప్రశ్న:
వచ్చేసిందన్నా!! ఖాళీ లైన్ కూడా పెట్టలేదు నేను, రెండూ సరిచేశాక "నమస్కారం" తెలుగులోనే వచ్చింది. ఇక ఫారం నుంచి పేరు తీసుకోవాలి, పాత ట్యుటోరియల్‌లో సీజీఐ మాడ్యూల్ ఇంపోర్ట్ చేయమన్నారు, అలాగే చేయనా?

జవాబు:
వద్దు, పైథాన్ 3.13లో ఆ మాడ్యూల్ తీసేశారు. అపాచీలో సీజీఐ అలాగే ఉంది, పోయింది పైథాన్ లైబ్రరీ మాత్రమే. అడ్రస్‌లో ప్రశ్న గుర్తు తర్వాత వచ్చేదంతా, అపాచీ నీ ప్రోగ్రాంకి ఇచ్చే క్వెరీ స్ట్రింగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంటుంది, ముందు దాన్ని ప్రింట్ చేసి చూడు.