జెద్దాలో సంపూర్ణ సూర్యగ్రహణం: ఆ ఆరు నిమిషాల్లో చేప ఎర ముడుతుందా?

గోదారి_గాలం:
2027 ఆగస్టు 2, సోమవారం. జెద్దా మీదుగా సంపూర్ణ గ్రహణం వెళ్తోంది, చీకటి ఆరు నిమిషాల దాకా ఉంటుందట. నలుగురం సెలవు పెట్టి, అద్దె బోటులో రీఫ్ (పగడపు దిబ్బ) అంచున 20–30 మీటర్ల లోతులో అడుగు గాలం వేద్దామనుకుంటున్నాం. హమూర్ (గ్రూపర్), షఊర్ (ఎంపరర్ చేప) మీద ఆశ. మా కాకినాడవైపు గ్రహణం రోజు పోటు ఎక్కువ, చేప బాగా పడుతుందంటారు. ఇక్కడా అంతేనా? ఏ సమయంలో వేయాలి, ఏం కట్టుకోవాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉప్పుగాలి:
ముందు పోటు సంగతి తేల్చేద్దామండి. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుంది, అమావాస్యకి పోటు, పాటు రెండూ పెద్దవి. కాకినాడలో గ్రహణం రోజు నీరు బాగా లాగి చేప కదిలితే ఆ ఘనత అమావాస్యదే. ముందు నెల అమావాస్యకి గ్రహణం లేకపోయినా నీరు దాదాపు అలాగే లాగుతుంది. జెద్దాలో ఆ లెక్క పనికిరాదు. ఎర్రసముద్రం నడిమి భాగంలో, జెద్దా నుంచి అటు పోర్ట్ సూడాన్ దాకా, రోజువారీ ఆటుపోట్లు లేనట్టే. అక్కడ నీటిని కదిలించేది ఎక్కువగా వాయవ్యపు గాలే. కాబట్టి పోటు టేబుల్ పక్కన పెట్టి గాలి సూచన చూసుకోండి.

ఇక మిగిలింది వెలుతురు. సూర్యుడు సగం మూసుకున్నా సగం వెలుతురు ఉంటుంది, దాన్ని మన కన్నే పట్టించుకోదు, చేప అసలు పట్టించుకోదు. నడి మధ్యాహ్నం లక్ష లక్స్ (వెలుతురు కొలత) అనుకుంటే, 99 శాతం మూసుకున్నాక కూడా వెయ్యి దాకా మిగులుతుంది. అంటే దట్టమైన మబ్బు పట్టిన పగలు. అసలు పతనం ఆఖర్లో ఉంది: సగం మూసుకున్నాక పూర్తి చీకటికి అరగంట పడుతుంది కానీ, 90 శాతం నుంచి చీకటికి ఆరేడు నిమిషాలే. ఆ తర్వాత వెలుతురు ఒక్కసారిగా కొద్ది లక్స్‌కి పడిపోతుంది, సూర్యుడు అస్తమించిన అరగంటకి ఉండే మసకలా.

చీకటి పడగానే నీటి అడుగున ఉండే ప్లవకాల (తేలియాడే చిన్న జీవుల) పొర పైకి లేస్తుంది. గ్రహణ సమయాల్లో సోనార్ మీద ఇది కనిపించింది. రీఫ్ మీద పగటి చేపలు సందుల్లోకి దూరతాయి, రాత్రి తిరిగే పెద్ద కళ్ళ ఎర్రచేపలు బయటికొస్తాయి. హమూర్ లాంటి మాటు వేసే చేపకి ఈ గడబిడ లాభమే. కానీ మామూలు సాయంత్రం మసక ముప్పావుగంట సాగుతుంది, చేపకి మేతలో పడే తీరిక ఉంటుంది. ఇక్కడ ఆరు నిమిషాలు. ఆ కాస్త సమయంలో పెద్ద చేప మేత మొదలెడుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. పందెం కాయాలంటే చీకటికి ముందు పది నిమిషాలు, వెలుతురు తిరిగొచ్చాక పది నిమిషాల మీద కాస్తాను.

సీసం_గుండు:
పైన చెప్పినది ఒప్పుకుంటూనే, ఆ ఆరు నిమిషాల లెక్క వేద్దాం. 25 మీటర్ల లోతుకి 150 గ్రాముల సీసం దిగడానికి పది పదిహేను సెకన్లు. చేప పడితే చుట్టడానికి అర నిమిషం పైన, విడిపించి ఎర గుచ్చడానికి మరో నిమిషం. మొత్తం మీద మూడుసార్లు దించగలరు. అడుగున చిక్కుకుని తెగితే మీ గ్రహణం అక్కడితో అయిపోయినట్టే.

అందుకే మనిషికి రెండు రాడ్లు, రెండూ ముందే కట్టి ఉండాలి. 40 పౌండ్ల లాగుడు ఆపే బ్రెయిడ్ (అల్లిన తాడు), దాని కొసకి 60 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీటిలో కనపడని తాడు) ఒకటిన్నర మీటరు. రెండు గాలాలు, ఒక్కో గాలాన్ని పక్కకి కట్టే కొమ్మ తాడు 25–30 సెంటీమీటర్లు, సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గాలం) 4/0 లేదా 5/0 సైజు. సీసాన్ని మాత్రం 20 పౌండ్ల పలచని తాడుతో కట్టండి. రాతి సందులో ఇరుక్కుంటే సీసమొక్కటే పోతుంది, పై కట్టు దక్కుతుంది. సర్కిల్ హుక్‌కి రాడ్ గుంజి కొట్టకూడదు. చేప లాగడం తెలియగానే నిదానంగా చుట్టడమే. అలవాటు కొద్దీ గుంజితే గాలం నోట్లోంచి జారి వస్తుంది, జనం చేపలు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

రెండో రాడ్డుకి చిన్న గాలం, 2 నంబరు. చీకట్లో బయటికొచ్చే ఎర్రచేపలకి 4/0 నోట పట్టదు. వాటి చెంప మీద ముల్లు పదును, చేతికి గ్లవ్ లేకుండా పట్టకండి. ఎర స్క్విడ్ చీలికలు, వేలెడంత పొడవు, అరచేతి నిండా ముందే కోసి ఐస్ మీద ఉంచండి.

చీకటికి పదిహేను నిమిషాల ముందే లంగరు వేసి, బోటు లైట్లు వెలిగించాలి. చుట్టుపక్కల బోట్లన్నీ ఆకాశం వైపే చూస్తుంటాయి, ఎవరూ చుక్కాని చూడరు. తలకి ఎర్ర లైటు పెట్టుకోండి, తెల్లది పక్కవాళ్ళ కళ్ళు చెడగొడుతుంది. చేపకి సమాన బరువు ఐస్ తప్పదు. ఆగస్టు ఎండ నలభైకి అటూ ఇటూ ఉంటుంది, ఆరు నిమిషాల చీకటి దాన్ని చల్లార్చదు. బోటుకి అనుమతి, లైఫ్ జాకెట్లు బోటు యజమానితో ముందే ఖాయం చేసుకోండి.

ఉప్పుగాలి:
ఒకటి మర్చిపోయాను, కళ్ళ సంగతి. జెద్దాలో ఆ వేళకి సూర్యుడు దాదాపు నెత్తి మీద, 75 డిగ్రీల పైన ఉంటాడు. అంటే బోటు అంచు పక్కన నిలువుగా గాలం దించి కిందికి చూస్తే, నీటిలో సూర్యుడి మెరుపు మీ కాళ్ళ దగ్గరే కనిపిస్తుంది. నీరు ప్రతిఫలించేది రెండు శాతమే, అదైనా గ్రహణపు కళ్ళజోడు వదిలే దానికి వేల రెట్లు ఎక్కువ. నీటిలో ప్రతిబింబమే కదా అని ఆ మెరుపునే గుచ్చి చూడొద్దు. చేపలు పట్టే పోలరైజ్డ్ అద్దాలు నీటి మెరుపు తగ్గించడానికే, సూర్యుణ్ణి చూడటానికి కాదు. సూర్యుణ్ణి చూడటానికి ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ముద్ర ఉన్న గ్రహణపు కళ్ళజోడు కొనండి, లేదా 14 నంబరు వెల్డింగ్ గ్లాస్. పూర్తిగా మూసుకున్న ఆ నిమిషాల్లో మాత్రం అద్దాలు తీసి చూడొచ్చు, అంచున మొదటి మెరుపు కనిపించగానే మళ్ళీ పెట్టుకోవాలి. ఎవరో ఒకరు గడియారం పట్టుకుని ఆరో నిమిషానికి ముందే కేక వేస్తే మంచిది.

గోదారి_గాలం:
చాలా థాంక్సండి ఇద్దరికీ. ఇంకొక్కటి. ఇంటి దగ్గర ఇలాంటి అవకాశం ఎప్పుడు?

సీసం_గుండు:
2031 మే 21 బుధవారం, వలయ గ్రహణం (సూర్యుడి అంచు ఉంగరంలా మిగిలేది). వలయం కేరళ, దక్షిణ తమిళనాడు మీద, మనకి పాక్షికం. పైగా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇప్పటి నిబంధనే సాగితే మోటారు బోట్లు రేవులోనే ఉంటాయి. మోటారు లేని పడవలకి మినహాయింపు ఉంది కానీ, పాక్షిక గ్రహణంలో చేపకి తేడా తెలియదని పైన లెక్క చూశారుగా.